కంకర రికార్డులో నేను చెరిపిన నలభై రెండు దెబ్బలు

ఆ రోజుల్లో మన దగ్గర కొత్తరకం సంగీతం చేసే ధైర్యం ఎవరికీ లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న ఒక పెళ్లి విందులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాడట, సరిగ్గా ఆ మాటే అన్నాడు. డెబ్బైల్లో ఇక్కడ సినిమా పాట తప్ప ఇంకేమీ లేదన్నాడు. నేను చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాను. ఎందుకు లేదు? ఒక పెద్ద రికార్డు ఉండేది. దాని పేరు ‘కంకర’. చేసినవాళ్లు ఇద్దరు. అది బయటికి రాకముందే దాన్ని పాడుచేయబోయినవాడు ఒకడు. ఆ ఒకణ్ని నేనే. కాబట్టి సాక్ష్యం చెప్పే హక్కు నాకుంది.

పటాన్‌చెరు దాటి బొంబాయి రోడ్డు మీద కొంచెం ముందుకు వెళ్తే, అప్పట్లో జొన్నచేల మధ్య ఒక రేకుల షెడ్డు ఉండేది. గ్రామఫోను రికార్డులు అచ్చు వేసే చిన్న ఫ్యాక్టరీ అది. ఇప్పుడక్కడ ఏముందో చెప్పను, చూసి బాధపడటానికి నేనొక్కణ్ని చాలు. చుట్టుపక్కల పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం. వాటిలో ఉద్యోగమంటే పిల్లనిచ్చేవాళ్లు. రికార్డుల్ని అప్పట్లో ప్లేట్లనేవాళ్లు. మాది ప్లేట్ల ఫ్యాక్టరీ అంటే మాత్రం, “స్టీలువా, పింగాణివా?” అని అడిగేవాళ్లు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. తర్వాత నాలుగేళ్లు పాశమైలారం వైపు గుట్ట దగ్గర రాళ్లు కొట్టాను. రాయి కొట్టేవాడికి చెవే కన్ను. గట్టి రాయి సుత్తె తగిలితే గంటలా పలుకుతుంది. లోపల చీలిక ఉంటే చప్పుడు మూగగా వస్తుంది. ఫ్యాక్టరీకి నేను వెళ్లింది మూటలు మోసే పని అడగడానికి. వరండాలో నిలబడి ఉంటే లోపల ఏదో పాట తిరుగుతోంది. పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయనతో, “లోపల తిరిగేదానికి యాడనో పగులు వట్టింది సార్” అన్నాను.

ఆయన బీడీ పారేశాడు. “నీకెలా తెలిసిందయ్యా?”

“మూగగ పలుకుతున్నది.”

ఆయన లోపలికి వెళ్లి చూసొచ్చి, నా భుజం పట్టుకుని మేనేజరు ముందు నిలబెట్టాడు. “ఈ కుర్రాడికి మూటలెందుకండీ, చెవులున్నాయి” అన్నాడు. ఆయనే లోహపు పూత విభాగానికి మేస్త్రి. గుంటూరు జిల్లా నుంచి పెద్ద ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, అక్కడ ఒక ఆఫీసరుతో మాటామాటా పెరిగి మా షెడ్డులో తేలిన మనిషి. నాకు గురువు. ఇంగ్లీషు మాత్రం నేను రికార్డుల అట్టల వెనక రాసినవి చదివి నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో ఇప్పటికీ పొగడ్తలెక్కువ.

పని ఎలా జరిగేదో రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. స్టూడియో నుంచి పాట గీసిన మెత్తటి పలక వస్తుంది. దాని మీద లోహం పూసి ఒలిస్తే ఒక రేకు వస్తుంది. దాన్ని తండ్రి అనేవాళ్లం. ఆ ఒలవడంలోనే మెత్తటి పలక నాశనమైపోతుంది. తండ్రి మీద మళ్లీ లోహం పూసి ఒలిస్తే తల్లి. తల్లి నుంచి పిల్ల. ఆ పిల్లను ప్రెస్సుకు బిగించి రికార్డులు అచ్చు వేస్తాం. వీటిలో ముల్లు పెట్టి వినగలిగేది తల్లిని ఒక్కదాన్నే. వినడం నా పని. పాట మధ్యలో ఎక్కడైనా టిక్కుమంటే ఆ చోటు గుర్తుపెట్టి, భూతద్దాల యంత్రం కింద పెట్టి, గాడిలో ఉన్న బొడిపెను ఉక్కు సూదితో నున్నగా గీకేసేవాణ్ని. వెంట్రుకలో పదోవంతు పని. అది నాకు బాగా వచ్చు. ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఇక ఆ ఇద్దరి సంగతి. సికింద్రాబాదు వాళ్లు. ఆమెది చర్చి పాటల్లో పెరిగిన గొంతు. ఆయన రైల్వే క్వార్టర్లలో గిటారు నేర్చినవాడు. తెలుగు మాటలకు ఇంగ్లీషు తాళం వేసి, లోపల ఎవరో ప్రాధేయపడుతున్నట్టు పాడేవాళ్లు. అమెరికాలో నల్లవాళ్లు పాడే ఆ తీరును సోల్ అంటారని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటికే వాళ్లవి రెండు చిన్న రికార్డులు బాగా అమ్ముడుపోయాయి. హోటళ్లలో, క్లబ్బుల్లో వాళ్ల పాటలకు జనం చిటికెలు వేసేవాళ్లు. రికార్డు కంపెనీవాళ్లు సంతోషించి, ఈసారి పెద్ద రికార్డు మీకిష్టమైనట్టు చేసుకోండి అన్నారు. మళ్లీ అలా అనబోమని కూడా అప్పుడే చెప్పారట. ఆ ఒక్క అవకాశంతో వాళ్లు చేసింది ‘కంకర’.

దాని తల్లి రేకులు, వైపుకొకటి, నా బల్ల మీదికి వచ్చాయి. మొదటి వైపు ఏ తప్పూ లేదు. రెండో వైపు ముల్లు పెట్టాను. పాట మొదలుకాలేదు. నిశ్శబ్దం. అందులో సన్నగా, పొడిగా, టిక్. కాసేపటికి మళ్లీ టిక్. రికార్డు ఒక చుట్టు తిరిగేసరికి ఒకటి, మళ్లీ చుట్టుకు ఒకటి.

రికార్డుకు అడ్డంగా గీత పడితే సరిగ్గా అలాగే వినిపిస్తుంది. ముల్లు ఆ గీత మీదుగా చుట్టుకోసారి దాటుతుంది కదా. లెక్కపెట్టాను, నలభై రెండు. ఆ తర్వాత ఫట్ మని ఒక పెద్ద చప్పుడు, దాని వెంటనే ఆమె గొంతు. పెద్ద చప్పుడు సంగీతంలో భాగమే అనుకున్నాను. నలభై రెండు టిక్కులు మాత్రం గీతే అనుకున్నాను.

ఒక్క అనుమానం వచ్చి ఉండాల్సింది. భూతద్దం కింద చూస్తే ఆ మచ్చలు ఒకే వరసలో లేవు. ఒక్కో చుట్టుకు కొంచెం కొంచెం పక్కకు జరుగుతూ వంపు తిరిగాయి. గీత అయితే తిన్నగా ఉండాలి. మేస్త్రి గారిని పిలిచి చూపించాను. “వంకర గీతేమోలే” అన్నారు ఆయన. నేనూ అదే అనుకోదలుచుకున్నాను, అనుకున్నాను. మూడు రోజులు కూర్చుని నలభై రెండింటినీ గీకేశాను. నాలుగో రోజు ముల్లు పెడితే నీళ్లలా నిశ్శబ్దం. మేస్త్రి గారు నాకు టీ తెప్పించారు. ఆ తల్లి నుంచి పిల్లను తీసి, పరీక్షకు కొన్ని రికార్డులు అచ్చు వేశాం.

అవి వినడానికి ఆ ఇద్దరూ స్వయంగా ఫ్యాక్టరీకి వచ్చారు. మేనేజరు గదిలో ప్లేయరు పెట్టాం. మేనేజరు హైదరాబాదు మనిషి, మర్యాద తెలిసినవాడు, పై నుంచి ఫోను వస్తే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. మేస్త్రి గారూ నేనూ గోడ పక్కన నిలబడ్డాం. మొదటి వైపు విని ఇద్దరూ సంతోషించారు. రెండో వైపు పెట్టగానే ఆమె కళ్లు మూసుకుని, తనకే తెలిసిన లెక్కకు తల ఊపడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఆగింది.

“రాయి ఏది?” అంది.

“ఏం రాయి మేడమ్?” అన్నాడు మేనేజరు.

“రాళ్లు కొట్టే చప్పుడు. నిమిషం పైన ఉంటది. అటెన్క రాయి పగుల్తది. పగిలినంక నేను అందుకుంట.”

ఆ మాట పూర్తయిందో లేదో స్పీకరులోంచి ఫట్ మని వచ్చింది, ఆమె గొంతు లేచింది. గిటారాయన ముల్లు ఎత్తేశాడు. “గిట్ల వస్తే ఎవడో కోపంల తలుపు ఏసినట్టుంది” అన్నాడు.

“మాకు వచ్చిన పలకలనే లేదు మేడమ్. స్టూడియోవాళ్లను అడగున్రి” అన్నాడు మేనేజరు. ఆయన అబద్ధమాడలేదు, ఆయనకు తెలియదు. తెలిసింది నాకూ మేస్త్రి గారికీ. ఆయన నా వైపు చూసి, తర్వాత తన చెప్పుల వైపు చూసుకున్నారు.

నా ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఇంకా రెండు నెలలుంది. నోరు మూసుకుంటే తప్పు స్టూడియో నెత్తిన పడుతుంది, రికార్డు అలాగే బయటికి వెళ్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. పాఠకులారా, నేను వెంటనే నిజం చెప్పానని గొప్పకు పోను. ఆమె రెండోసారి, “నిజంగనే లేకుండెనా?” అని అడిగేదాకా మాట్లాడలేదు.

“ఉండె మేడమ్. నేనే చెరిపిన.”

మేనేజరు నా వైపు తిరిగాడు. “గీత అనుకున్న. చుట్టుకొకటి పడ్డది. గీత గూడ గట్లనే పడ్తది. మూడు దినాలు కూసోని గీకేసిన” అన్నాను.

ముందు నవ్వింది గిటారాయన. “అరే వాహ్. మేము ఎండల నిలబడి నెల రోజులు పట్టుకున్నది, ఈయన మూడు దినాలల్ల తుడిచేసిండు. కమాల్ ఉంది.”

ఆమె నవ్వలేదు. “ఎన్ని తీసినవు తమ్ముడూ?”

“నలభై రెండు.”

“నలభై రెండే. పాశమైలారం గుట్ట కాడ దూరంగ నిలబడి రికార్డు చేసినం. నీకు రాళ్ల పని తెల్వదా?”

“నాలుగేండ్లు కొట్టిన అక్కా.”

కొట్టింది సరిగ్గా ఆ గుట్ట దగ్గరే. నా చెవి అక్కడ తయారైంది. ఫ్యాక్టరీలోకి వచ్చాక ఆ చెవికి తప్పులు పట్టడం ఒక్కటే పని చెప్పాను. అది ఆ పని ఎంత బాగా నేర్చుకుందంటే, తను పుట్టిన చోటును కూడా తప్పు కింద పట్టేసింది.

ఆమె ఆ రేకును చూస్తానంది. భూతద్దం కింద పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. “గింత సక్కగ తీసే చెయ్యి ఉన్నోనివి, తీసే ముందు జెర ఇనాల్సింది” అంది. నాకు అప్పటిదాకా వచ్చిన తిట్లలో అంత మెత్తగా, అంత లోతుగా దిగినది లేదు.

మేనేజరు తిట్లు వేరే రకం. “పర్మనెంటు గావాల్నా నీకు? ముందుగాల ఆ చెవులు తీసి బీరువల పెట్టు” అన్నాడు. స్టూడియోకు ఫోను చేశాడు. అసలు టేపు ఉంటే ఇంకో పలక గీయించొచ్చు. కానీ ఆ రోజుల్లో టేపు కరువు. వాళ్లు దాని మీద అప్పుడే ఇంకెవరి పాటలో ఎక్కించేశారు.

అప్పుడు మేస్త్రి గారు గొంతు సవరించుకున్నారు. “దారి ఒకటుందండీ. తండ్రి రేకు మన దగ్గరే ఉంది. దాంట్లో దెబ్బలు అలాగే ఉంటాయి. దాన్నుంచి ఇంకో తల్లిని తీయొచ్చు. కానీ మొదటిసారి తీసినప్పుడే ఓ పక్క పట్టేసింది. మళ్లీ పూత వేశాక రెండూ అతుక్కుపోయాయనుకోండి, చింపకుండా తీయలేం. అప్పుడా దెబ్బలు ఇక ఎక్కడా ఉండవు.”

“ఇప్పుడున్న తల్లితోటే అచ్చేస్తే ఏం ఫికర్ లేదు కదా?” అన్నాడు మేనేజరు.

“ఏం లేదు. దెబ్బలుండవు, అంతే.”

గిటారాయన ఆమె వైపు తిరిగాడు. “అది చినిగితే ఈ తల్లితోటే కానిద్దమా?”

“వద్దు, పోతే మొత్తం పోనీ. రాయి లేకుండ అది నా పాట కాదు” అంది. ఆయన ఆమెను చూసి తలూపాడు. జంట అంటే నాకు ఇప్పటికీ ఆ చూపే గుర్తొస్తుంది.

తండ్రి రేకును పూత తొట్టిలో దింపాం. మర్నాడు పొద్దున్నే బయటికి తీశాం. ఆ ఇద్దరూ మొదటి బస్సుకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. మేస్త్రి గారు అంచులో పలచటి కత్తి పెట్టి కొంచెం లేపి, ఆగిపోయారు.

“పట్టేసిందయ్యా. ఎక్కడ పట్టిందో తెలీడం లేదు. అక్కడ లాగితే పోయినట్టే.”

“జెర ఆగున్రి సార్” అన్నాను.

చెవి దగ్గరగా పెట్టి, వేలి గోరుతో రేకు మీద తడుతూ అంచు పొడవునా వెళ్లాను. గుట్ట దగ్గర చేసిన పనే, కాకపోతే తిరగేసి. రాయిలో మూగ చప్పుడు వస్తే చెడ్డ. ఇక్కడ మూగగా పలికితే రెండు రేకులూ విడిగా ఉన్నట్టు, మంచిది. గంటలా పలికితే అతుక్కుని ఒక్కటైపోయినట్టు. చుట్టూ మూగగానే ఉంది. ఒక్కచోట, మూడు వేళ్ల మేర, ఖణేల్ మంది.

“ఈడ పట్టింది. అవతలి దిక్కు నుంచి రావాలె.”

మేస్త్రి గారు కత్తి నా చేతిలో పెట్టారు. “నువ్వే తియ్యి. నాకిప్పుడు చెయ్యీ లేదు, చెవీ లేదు.”

పెద్ద బండను చీల్చేటప్పుడు వరసగా చీలలు దిగేసి, ఏ ఒక్కదాని మీదా బలం పెట్టకుండా అన్నిటినీ కొంచెం కొంచెం కొట్టుకుంటూ వస్తాం. ఒక్కచోట మోదితే రాయి అడ్డదిడ్డంగా పోతుంది. అలాగే చేశాను. కత్తి కొనను అంచు చుట్టూ ఇంత ఇక్కడ, ఇంత అక్కడ దింపుతూ, మధ్యమధ్య గోరుతో తట్టి వింటూ, ఆ మూడు వేళ్ల చోటును రెండు పక్కల నుంచీ చుట్టుముట్టాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. చివరికి రేకు టప్ మని తనంతట తానే విడిపోయింది. మేస్త్రి గారు దాన్ని అంచులు పట్టుకుని వెలుగులో తిప్పి చూశారు.

కొత్త తల్లిని ప్లేయరు మీద పెట్టి, ముల్లు వేశాం. టిక్. టిక్. ఈసారి విన్నాను. ఎండలో దూరంగా ఒక మనిషి సుత్తె ఎత్తి దించుతున్నాడు. తొందర లేదు. గంటలా పలుకుతోంది రాయి. ముప్పై తొమ్మిదో దెబ్బకు చప్పుడు మూగబోయింది. లోపల చీలింది.

“ఇగ మూడు” అని నా నోట్లోంచి వచ్చేసింది.

మూడు దెబ్బలు. రాయి పగిలింది. పగిలిన చోటు నుంచి ఆమె గొంతు లేచింది. ఆ గొంతుకు ముందు ఆ నలభై రెండు దెబ్బలు ఎందుకు కావాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గిటారాయన నా వీపు చరిచి, “ఉస్తాద్, నువ్వు మా బ్యాండుల చేరాలె” అన్నాడు. మేనేజరు, “ఈడ పని ఎవడు చేస్తడు మరి?” అన్నాడు. అంటే ఉద్యోగం ఉందన్నమాట. పర్మనెంటు మాత్రం ఆరు నెలలు వెనక్కి పోయింది.

ఆ రికార్డు గురించి రాసినవాళ్లు లేరు కాబట్టి నేనే రాస్తాను. అందులో ఒక పాటకు తాళం బస్సు ఇంజను, గేరు మారినప్పుడల్లా రాగం మారుతుంది. ఇంకో పాటలో మాటలే లేవు. ఆమె ‘ఊ’ కొడుతూ ఉంటుంది, ఆయన ఏదో కథ చెప్తున్నట్టు గిటారు వాయిస్తాడు. నాట్లు వేసే ఆడవాళ్ల పాటను చర్చి పాటలా నలుగురి గొంతులు పొరలు పొరలుగా వేసి పాడిన పాట ఒకటుంది. అది విని మేస్త్రి గారు, “మా ఊళ్లో ఈ పాట వేరేగా పాడతార్లే” అంటూ కళ్లు తుడుచుకున్నారు. చివరి పాట ఫ్యాక్టరీ సైరనుతో మొదలై, షిఫ్టు దిగి నడిచే చెప్పుల చప్పుడుతో ముగుస్తుంది. ప్రేమ పాటలు పాడితే ఇంట్లో కూర్చోబెట్టి పూజించేవాళ్లు వాళ్లను. అది వదులుకుని, మన రోడ్డు మీద మన మనుషులు చేసే చప్పుడును పాటలోకి తెచ్చారు. దాన్ని ధైర్యం అనకపోతే ఇంకేమంటారో ఆ పెద్దమనిషి చెప్పాలి.

రికార్డు బజారులోకి వెళ్లింది. నెల తిరక్కుండానే వెనక్కి రావడం మొదలైంది. వచ్చిన ప్రతి పెట్టెలో దుకాణదారుల చీటీ. ఆ చీటీలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అన్నిటిలో ఒకటే ఫిర్యాదు: రెండో వైపు గీత పడింది, మార్చి ఇవ్వండి.

సుల్తాన్‌బజారు దుకాణదారు ఒకడు స్వయంగా వచ్చాడు. “కంకర అని పేరు వెట్టినప్పుడే అనుకున్న. కంకర అమ్మెటోడు లారీ పెట్టుకోవాలె గని దుకాణం పెట్టుకుంటడా?” అని నవ్వాడు. అది గీత కాదు, రాయి కొట్టే చప్పుడు, చివరిదాకా వినండి అని నేను అతన్ని పట్టుకుని ప్లేయరు ముందు కూర్చోబెట్టాను. పదో దెబ్బకు లేచి వెళ్లిపోయాడు.

మేనేజరు దగ్గరికి వెళ్లి కోపంగా అన్నాను, “గీత గాదని అట్ట మీద అచ్చేయించున్రి సార్. ఒక్క లైను చాలు.”

“అట్టలు అయిపోయినయి. కంపెనీవాళ్లు ఇగ వద్దంటున్నరు” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “రాళ్లు కొట్టినోనివి, నీకే తెల్వలే. ఆళ్లకెట్ల తెలుస్తది?” అన్నాడు.

దానికి జవాబు నాకు ఇన్నేళ్లకు దొరికింది. నన్ను ‘రాయి ఏది’ అని అడిగిన మనిషి ఎదురుగా నిలబడింది. ఆ కొన్నవాళ్లను అలా అడిగినవాళ్లు ఎవరూ లేరు. నా కోపం కొన్నవాళ్ల మీద కాదు. వినడం నేర్పాల్సినవాళ్లు, పత్రికలవాళ్లు, సభల్లో ముందు వరసల్లో కూర్చునేవాళ్లు, ఒక్కరు కూడా డెబ్బై సెకన్లు ఓపిక పట్టకుండా, ఇప్పుడొచ్చి అసలేమీ జరగలేదంటారే, వాళ్ల మీద.

వెనక్కి వచ్చిన రికార్డులను మేం పారేసేవాళ్లం కాదు. మధ్యలో కాగితం అంటించిన భాగాన్ని గుండ్రంగా కోసి తీసేసి, మిగిలినదాన్ని పొడి చేసి, కరిగించి మళ్లీ వాడేవాళ్లం. ‘కంకర’ కూడా అంతే అయింది. ఆ ఏడాది మా షెడ్డు నుంచి వచ్చిన భజనల్లో, సినిమా పాటల్లో అదే కలిసింది. ఒకటి ఇంటికి తీసుకుపోదామని నాకు తట్టలేదు. రోజూ అచ్చు వేసేది మేమే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. తట్టేసరికి పెట్టెలన్నీ ఖాళీ. ఆ ఇద్దరూ తర్వాత కలిసి పాడినట్టు వినలేదు. ఆయన బొంబాయి వెళ్లాడన్నారు. ఆమె బడి పిల్లలకు పాటలు నేర్పుతోందన్నారు.

నా దగ్గర మిగిలింది ఒక్కటే. దెబ్బలు లేని మొదటి పరీక్ష రికార్డు. “రోజూ చూస్కో, బుద్ధి వస్తది” అని మేనేజరు దాన్ని నా బల్ల పైన గోడకు మేకుతో తగిలించాడు. షెడ్డు మూతపడ్డ రోజు నేను మేకు మీంచి తీసి చంకలో పెట్టుకుని వచ్చాను. గేటు దగ్గర ఎవరూ అడగలేదు.

మీ ఇళ్లలో పాత పెట్టెల్లో రాళ్లకుప్ప బొమ్మ అట్ట ఉన్న రికార్డు కనిపిస్తే, రెండో వైపు గీత పడిందని పారేయకండి. నాకు చెప్పండి. దొరికేదాకా నా ఏర్పాటు నాది. జుమేరాత్ బజారులో కొన్న పాత ప్లేయరు మీద ఆ పరీక్ష రికార్డు పెడతాను. పక్కన ఒక గ్రానైటు ముక్క, చేతిలో చిన్న సుత్తె. ముల్లు నిశ్శబ్దంలోకి దిగగానే కొట్టడం మొదలుపెడతాను. చుట్టుకొకటి. ముప్పై తొమ్మిది నుంచి కొంచెం మెత్తగా. ఇప్పుడు చెయ్యి వెనకబడుతుంది, లెక్క తప్పుతుంది. ఒక్కోసారి నేను నలభై ఒకటి దగ్గర ఉండగానే రికార్డులో రాయి పగిలిపోయి ఆమె అందుకుంటుంది.

అప్పుడు ముల్లు ఎత్తి, మళ్లీ మొదట్లో పెడతాను.